పాత మర తూకానికి వేసేముందు: పిండిమిల్లు కుటుంబాల వారసులకు బహిరంగ లేఖ

అక్కలకూ అన్నలకూ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నమస్కారం.

మీలో కొందరు ఇంకా మిల్లు నడుపుతున్నారు. కొందరు ఎప్పుడో తలుపులు మూసి తాళం వేశారు. ఇంకొందరు స్థలం బేరానికి పెట్టి, లోపలి సామానంతా పాత ఇనుము కొనేవాళ్లకు ఒప్పజెప్పే పనిలో ఉన్నారు. ఈ ఉత్తరం ముగ్గురి కోసమూ రాస్తున్నాను. మూడో వాళ్ల కోసం కాస్త తొందరగా రాస్తున్నాను, ఎందుకంటే ఆ తొందర ఎలాంటిదో మా ఇంట్లోనే చూశాను.

మా మర ఖాళీ చేసిన రోజు బయట కాటా పెట్టి, ఇనుము ఒకవైపు, కాగితం ఒకవైపు తూస్తున్నారు. నేను వెళ్లేసరికి ఖాతా పుస్తకాల కట్టలు సగానికి పైగా బండెక్కేశాయి. మిగిలిన కట్ట ఒకటి విప్పాను. ఎర్ర అట్ట పుస్తకం తెరవగానే పుటల మడతలోంచి పిండి రాలింది. ఎన్నేళ్ల కిందటి పిండో తెలియదు. బూడిద రంగుకు తిరిగింది, వేళ్లకు మెత్తగా తగిలింది. ఆ రోజు నాకు దక్కినవి పదకొండు పుస్తకాలు. పోయినవి ఎన్నో లెక్క చెప్పగలిగిన మనిషి ఇప్పుడు లేడు. పది నిమిషాలు ముందు వెళ్లి ఉంటే అన్నీ దక్కేవి. ఆ పది నిమిషాల బాధ మీకు వద్దనే ఈ ఉత్తరం.

అంతకుముందు మా కుటుంబం మర చరిత్ర రాసుకోలేదని కాదు. పెద్ద వార్షికోత్సవానికి ఒక చిన్న సంచిక అచ్చు వేయించారు. ముఖచిత్రం మీద తాతయ్య ఫొటో. లోపల ఆయన కష్టం, నిజాయితీ, మా పిండి నాణ్యత. చివరి పేజీలో కుటుంబమంతా వరసగా నిలబడిన ఫొటో. చిన్నప్పుడు దాన్ని గర్వంగా బడికి తీసుకెళ్లి చూపించాను. ఖాతా పుస్తకాలు చదివాక మళ్లీ తీసి చూస్తే అందులో మర లేదు. రాళ్లు లేవు, అరిగిన రాళ్లకు ఉలితో కక్కు కొట్టి పదును పెట్టినవాళ్లు లేరు, బస్తాలు మోసినవాళ్లు లేరు, నానమ్మ లేదు. మీ ఇళ్లలోనూ ఇలాంటి సంచిక ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని పారేయమని చెప్పను. అది చరిత్రలో ఒక పేజీ మాత్రమేనని, మిగతా పేజీలు రాయాల్సింది మనమేనని చెబుతున్నాను.

నానమ్మ సంగతి ముందు చెబుతాను. నా దగ్గరున్న పదకొండింటిలో మూడు పుస్తకాల చేతిరాత వేరు. తాతయ్యవి పొడుగాటి, కుడివైపు వాలిన అక్షరాలు. ఈ మూడింటిలోవి చిన్నవి, గుండ్రంగా, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. మా పెద్దత్తను అడిగితే చూడగానే చెప్పింది: ‘అమ్మ రాతే, నాన్నకు జబ్బు చేసినప్పటిది.’ ఆరేళ్లు మర లెక్కలు నానమ్మ చేసిందట. ఆరేళ్లు! మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎన్నడూ అనలేదు. ఆ పుస్తకాల్లో కొన్ని పేర్ల పక్కన చిన్న సున్నా చుట్టి ఉంది. ఏమిటా అని చాలా రోజులు తలబద్దలు కొట్టుకున్నాను. విసురు కూలి తీసుకోవద్దని గుర్తు అని అత్తే చెప్పింది. ఇంట్లో సంపాదించే మనిషి లేనివాళ్లకు నానమ్మ పెట్టుకున్న గుర్తు. తాతయ్య మళ్లీ లేచి కూర్చున్నాక ఆయన పుస్తకాల్లో కూడా ఆ సున్నాలు కనిపిస్తాయి. ఒక కుటుంబం గురించి ఇంతకంటే పెద్ద విషయం ఏ సంచికలో ఉంటుంది?

ఆడవాళ్ల సంగతి ఎత్తాను కాబట్టి ఇంకొంచెం వెనక్కి వెళ్తాను. మర చరిత్ర మర కట్టిన రోజున మొదలు కాదు. ఉత్తర సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున అబూ హురేరా అనే నవశిలాయుగపు ఊరు ఉండేది. ఆనకట్ట కడితే ఆ చోటు మునిగిపోతుందని 1972, 1973లలో హడావుడిగా తవ్వారు. దొరికిన అస్థిపంజరాల్ని పరిశీలించిన థేయా మోలిసన్ అనే శాస్త్రవేత్త కాలి బొటనవేళ్ల ఎముకల్లో, మోకాళ్లలో, నడుము కింది భాగంలో అరుగుదల గమనించారు. ఎక్కువగా ఆడవాళ్ల ఎముకల్లోనే. వేళ్లు మడిచి మోకాళ్ల మీద కూర్చుని, ముందుకు వంగి, గంటలకొద్దీ రాతి మీద గింజలు నూరితే వచ్చే అరుగుదల అది. నీటి చక్రం, గాలిమర, ఆవిరి, ఆయిల్ ఇంజను, కరెంటు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి ఆ మోకాళ్ల మీది బరువు దించాయి. మీ మర మొదటిరోజున గింజల మూట పట్టుకుని వరసలో నిలబడ్డది ఎవరో రాయండి. ఆ రోజు నుంచి ఏ ఇంట్లో ఎవరి చేతులకు తీరిక దొరికిందో రాయండి. మీ తాతగారి గొప్పతనం అక్కడే బాగా తెలుస్తుంది.

ఇప్పుడు రాళ్లు. ఇక్కడ నన్ను కాస్త ఎక్కువసేపు ఉండనివ్వండి, ఎందుకంటే మన పిల్లలకు పూర్తిగా తెలియకుండా పోతున్నది ఇదే.

జత రాళ్లలో కిందిది కదలదు, పైది తిరుగుతుంది. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. తగిలితే నిప్పురవ్వ లేస్తుంది, పిండిలో రాతి పొడి పడుతుంది. నడిమి కన్నంలోంచి గింజ దిగేచోట సందు కాస్త ఎక్కువ, అంచుకు వచ్చేసరికి పల్చటి కాగితమంత. రాతి ముఖం మీద నడుమ నుంచి అంచు దాకా గాళ్లు, అంటే చాళ్లు, తీసి ఉంటాయి. వాటి అంచులు కత్తెరలా గింజను కోస్తాయి, ఆ గాళ్లే గాలి ఆడనిచ్చి పిండిని చల్లగా ఉంచుతాయి, పిండిని బయటికి తోస్తాయి. నడిచేకొద్దీ గాళ్లు అరిగిపోతాయి. అరిగిన రాయి గింజను కోయదు, నలుపుతుంది. పిండి వేడెక్కి వాసన మారుతుంది. అప్పుడు మర ఆపి, పై రాయి లేపి, బోర్లించి, కక్కు కొట్టాలి.

మా మరలో ఆ పని చేసింది తాతయ్య కాదు. మేస్త్రీ మామ అని పిలిచేవాళ్లం ఆయన్ని. తిన్నటి చెక్కబద్దకు జేగురు పూసి రాతి ముఖం మీద మెల్లగా తిప్పేవాడు. ఎత్తుగా ఉన్నచోట ఎర్రరంగు అంటేది. అంటినచోటే ఉలితో కొట్టేవాడు. మళ్లీ బద్ద, మళ్లీ ఎరుపు, మళ్లీ ఉలి. రాయంతా ఒకే మట్టానికి వచ్చాక గాళ్లకు వెళ్లేవాడు. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా వంచిన నడుం ఎత్తేవాడు కాదు. ఒకసారి చేయి ఇలా పెట్టి చూపించాడు: వేళ్ల వెనక, మణికట్టు దాకా, చర్మం కింద నల్లటి చుక్కలు. ఉలి మొన నుంచి ఎగిరిన ఉక్కు తునకలు లోపలికి దిగి అక్కడే ఉండిపోయాయి. పుట్టుమచ్చలనుకున్నాను నేను. ఐరోపాలో రాళ్లకు కక్కు కొట్టేవాళ్లు ఊరూరూ తిరిగే రోజుల్లో, పనితనం అడిగితే చేతులు చూపించేవారని ఎప్పుడో చదివాను. చదివిన రోజు మేస్త్రీ మామ చేతులే కళ్లముందు మెదిలాయి.

రాళ్లకు కూడా ఊళ్లుంటాయి. ఫ్రాన్సులో లా ఫెర్తే-సూ-జువార్ దగ్గర దొరికే గట్టి రాయికి ఒకప్పుడు దేశదేశాల్లో పేరు. పెద్ద బండగా దొరకడం అరుదు కాబట్టి ముక్కలు పేర్చి, అతికించి, చుట్టూ ఇనుప పట్టీ బిగించి తిరగలి రాయిగా చేసేవారు. మీ పెరట్లో బల్లలాగానో, పూలకుండీ కిందో ఒక పాత రాయి పడి ఉంటే ఒకసారి వంగి చూడండి. ఏకశిలా, అతుకులా? గాళ్లు ఎన్ని వరసలు, ఎటు వంపు? కొలవండి, గీయండి, ఫొటో తీయండి. ఎండకూ వానకూ ఆ గాళ్లు చెరిగిపోతే మీ మేస్త్రీ చేతిరాత చెరిగిపోయినట్టే.

పిండి సన్నం పరీక్షకు మా దగ్గర యంత్రం లేదు. గొట్టం కింద చేయి పెట్టి, పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాపిడి చేసి చూసేవాళ్లు. తాతయ్యకు అది బాగా తెలుసు, ఒప్పుకుంటాను. కళ్లు మూసుకుని, తల కొంచెం పక్కకు వంచి వేలు రాస్తే ఆయన మొహంలోనే జవాబు తెలిసేది. రాయి ఒక్క పిసరు దించమని చేత్తోనే సైగ చేసేవాడు, ఇంజను మోతలో మాట వినపడదు కనుక. ఆ సైగలు అన్నీ కలిపితే ఒక చిన్న భాష. నాకు నాలుగైదు గుర్తున్నాయి. మీ ఇంట్లో అది తెలిసిన పెద్దవాళ్లుంటే ఫోన్ పక్కన పెట్టి, వీడియోలో ఆ చేతుల్ని తీయండి. ఈ వారమే తీయండి.

తర్వాత మా నాన్న విషయం. మా బంధువుల్లో స్థిరపడిపోయిన కథ ఏమిటంటే, తాతయ్య కట్టాడు, నాన్న పోగొట్టాడు. పెళ్లిళ్లలో, చావుల్లో ఆ మాట వింటూ పెరిగాను. నాన్న కూడా నమ్మాడు. చివరి రోజుల్లో తాళం గురించే మాట్లాడేవాడు. ఆయన పోయాక, పిండి పరిశ్రమ చరిత్ర ఎక్కడ దొరికితే అక్కడ చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఆ కథ తప్పని తెలిసింది. మీ ఇళ్లలో కూడా మూడో తరం మీదో, రెండో తరం మీదో ఈ నింద ఉంటుంది. అందుకే వివరంగా చెబుతాను.

గోధుమ గింజలో పై పొట్టు బరువులో సుమారు 14 శాతం, మొలకెత్తే భాగం రెండు మూడు శాతం, మిగిలింది లోపలి తెల్ల భాగం. రాతి మర గింజ మొత్తాన్ని కలిపి పిండి చేస్తుంది. జల్లెడ పడితే పెద్ద పొట్టు పోతుంది కానీ మొలకలోని నూనె పిండిలో కలిసే ఉంటుంది. ఆ నూనె వల్ల కొద్ది వారాల్లో పిండి కనరుతుంది. కనరే పిండి దూరం ప్రయాణించలేదు. కాబట్టి జనం ఉన్న ప్రతిచోటా ఒక మర ఉండక తప్పలేదు. చిన్న మరలకు ఇన్ని వందల ఏళ్లు రక్షగా నిలిచింది ఆ నూనె చుక్కే.

19వ శతాబ్దంలో అది మారింది. స్విట్జర్లాండులో మొదలైన రోలరు మర బుడాపెస్టులో పదునెక్కింది. అక్కడి గాంజ్ కార్ఖానాలో ఆంద్రాష్ మెక్‌వార్ట్ 1874లో, పోత పోసేటప్పుడే పైభాగం గట్టిపడేలా చేసిన ఇనుప రోలర్లతో యంత్రం తెచ్చాడు. రోలర్లు జతగా తిరుగుతాయి, ఒకటి రెండోదానికంటే వేగంగా. మొదటి జతలకు గీతలుంటాయి. అవి గింజను విప్పి, పొట్టు నుంచి లోపలి భాగాన్ని రవ్వగా గీరి తీస్తాయి. జల్లెడ పట్టి, ఊది, మళ్లీ నున్నటి రోలర్ల మధ్యకు పంపుతారు. మొలక నూనెతో మెత్తగా ఉంటుంది కనుక నలగదు, బిళ్లలా అణిగి జల్లెడలో పైనే ఆగిపోతుంది. దాన్ని తీసి పక్కన పెట్టేస్తారు. ఇక పిండి నెలల తరబడి నిలవ ఉంటుంది. ఓడెక్కుతుంది, రైలెక్కుతుంది. గోధుమ దిగే రేవు దగ్గరో, రైలు జంక్షన్ దగ్గరో ఒకే పెద్ద మిల్లు పెట్టి వందల మైళ్ల దూరానికి పిండి పంపవచ్చు. బుడాపెస్టు, అమెరికాలో మినియాపొలిస్ అలాగే పిండి రాజధానులయ్యాయి.

ఆ గాలికి ఎదురు నిలిచిన కుటుంబాలు లేకపోలేదు. ఇంగ్లండులో హల్ పట్టణానికి చెందిన జోసెఫ్ ర్యాంక్ 1875లో ఒక గాలిమర అద్దెకు తీసుకుని వ్యాపారం మొదలుపెట్టాడు. రోలర్ల సంగతి తెలిశాక ఆలస్యం చేయలేదు. 1885లో రోలరు మిల్లు కట్టాడు, తర్వాత రేవుల దగ్గర పెద్ద మిల్లులు నిలబెట్టాడు. ఎసెక్సులో విలియం, హెన్రీ మారియజ్ అనే కవల సోదరులు 1824లో మొదలుపెట్టిన మిల్లు వ్యాపారం నేటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది. రోలర్లు పెట్టుకున్నారు, పాత ఫ్రెంచి రాళ్లనూ వదల్లేదు. అయితే నిలిచినవాళ్ల పక్కన మునిగినవాళ్లు ఎందరో లెక్కపెట్టినవాళ్లు తక్కువ. రోలరు మిల్లుకు కావలసిన పెట్టుబడి ఎంత, రుణం ఎవరికి పుడుతుంది, రేవుకు ఎవరు దగ్గర, ఇవన్నీ ఒక మనిషి తెలివితేటలతో తేలేవి కావు. మా దాకా ఆ అల చాలా ఆలస్యంగా వచ్చింది. సంచుల్లో నింపిన పిండి అంగళ్లలోకి దిగింది. వరసలో నిలబడే జనం పలచబడ్డారు. నాన్న ఖాతా పుస్తకాల్లో అది ఏ నెలకానెల కనిపిస్తుంది: ఒక పేజీకి పట్టే పేర్లు తగ్గుతూ తగ్గుతూ సగం పేజీ ఖాళీగా మిగిలిపోతాయి. ఆ ఖాళీ పేజీల మీద కూడా ఆయన తేదీ వేసి, గీత గీసి, సంతకం పెట్టాడు. ఒక్క రోజూ మానలేదు. ఈ మాట ఆయన బతికుండగా చెప్పలేకపోయాను.

మీ కుటుంబ చరిత్రలో ‘ఫలానా వాడు పోగొట్టాడు’ అనే వాక్యం రాయబోతుంటే ఆగండి. ముందు లెక్కలు చూడండి, ఆ ఏడాది చుట్టుపక్కల ఏ మిల్లు వచ్చిందో, ఏ రోడ్డు పడిందో చూడండి.

ఇక మనం దాచిపెట్టినవి.

పిండి దుమ్ము ఎంత ప్రమాదమో మిల్లు ఇళ్లవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. గాలిలో దట్టంగా లేచిన పిండికి మూసిన గదిలో ఒక నిప్పురవ్వ తగిలితే చాలు. ఇటలీలో టూరిన్ నగరంలో 1785 డిసెంబరు 14న ఒక బేకరీ పిండి గోదాములో జరిగిన పేలుడును అప్పుడే పరిశీలించి రాసిపెట్టారు. మినియాపొలిస్‌లో వాష్‌బర్న్ ‘A’ అనే మిల్లు 1878 మే 2 సాయంత్రం పేలినప్పుడు ఏడంతస్తుల భవనం నేలమట్టమైంది, పక్క మిల్లులూ పోయాయి, 18 మంది చనిపోయారు. దర్యాప్తు చేసి పిండి దుమ్మే కారణమని తేల్చారు. మళ్లీ కట్టినప్పుడు దుమ్ము లాగేసే యంత్రాలు పెట్టారు. ఆ మిల్లు శిథిలాల్లోనే ఇవాళ మ్యూజియం ఉంది. ఆ కంపెనీ తన పరువు పోతుందని ఈ కథను పాతిపెట్టి ఉంటే ఎన్ని మిల్లులు పాఠం నేర్చుకునేవి?

మా మర పేలలేదు. కానీ ఒక సాయంత్రం, తిరుగుతున్న పుల్లీ మీదికి జారిన బెల్టును ఎక్కించబోయి మేస్త్రీ మామ కుడిచేతి రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. ఇంజను ఆపి ఎక్కించాలి. ఆపితే మళ్లీ స్టార్టు చేయడానికి టైము పడుతుంది, బయట వరస పెద్దగా ఉంది. ఆపవద్దని చెప్పింది మా కుటుంబంలోని పెద్దవాళ్లే. ఆ నెల పుస్తకంలో ‘మేస్త్రీ వైద్యం’ అని ఒక పద్దు ఉంది, తర్వాత ఆయన పేరు మూడు నెలలు లేదు. మళ్లీ వచ్చాక కూలి తగ్గింది. ఎడమచేత్తో కక్కు కొట్టడం నేర్చుకునేదాకా తగ్గిన కూలే. ఇది మా వార్షికోత్సవ సంచికలో లేదు. నేను రాస్తున్న చరిత్రలో ఉంటుంది. మా బాబాయి వద్దన్నాడు. ఆయన మీద నాకు గౌరవమే, ఈ విషయంలో మాత్రం వినను.

దగ్గు కూడా రాయాలి. ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రమజ్జీని పనివాళ్ల జబ్బుల గురించి 1700లో రాసినప్పుడే పిండి మర పనివాళ్ల ఊపిరి ఇబ్బందుల్ని చెప్పాడు. మూడు వందల ఏళ్లుగా తెలిసిన విషయం. అయినా మా మరలో ముక్కుకు కట్టుకున్నది తలగుడ్డ చెంగే. మీ మరలో ఎవరెవరు దగ్గుతూ ఇంటికి వెళ్లారో, ఏ వయసులో పని మానేశారో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. అడగండి.

తరుగు గురించి కూడా. గింజ ఇచ్చిన తూకం, పిండి తీసుకున్న తూకం ఎప్పుడూ ఒకటి కావు. రాపిడి వేడికి తేమ ఆవిరవుతుంది, కొంత దుమ్ముగా ఎగిరిపోతుంది, కొంత రాళ్ల సందున ఉండిపోతుంది. నిజాయితీగా నడిపినా తరుగు తప్పదు. ఎంత తరుగు న్యాయం అన్నదే మర యజమానికీ మరకు వచ్చేవాళ్లకూ మధ్య ఎప్పుడూ నలిగే ప్రశ్న. మా పుస్తకాల్లో ఒక ఏడాదిన్నర పాటు తరుగు మామూలు కంటే ఎక్కువగా రాసి ఉంది. అదే కాలంలో కొత్త ఇంజను అప్పు తీరింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి చాలాసేపు కదలకుండా కూర్చుండిపోయాను. అది తాతయ్య చేతిరాతే. దీన్నీ రాశాను. ఆయన మీద నా ప్రేమ తగ్గలేదు.

కొన్ని పెద్ద మిల్లుల వారసులకు మరో మాట. మీ మిల్లులో పిండిని తెల్లబరచడానికి ఏ రసాయనం వాడారో, ఎప్పుడు మానేశారో రికార్డులుంటే బయటపెట్టండి. ఒకప్పుడు చాలాచోట్ల వాడిన నైట్రోజన్ ట్రైక్లోరైడ్ కలిపిన పిండి తిన్న కుక్కలకు ఫిట్స్ వస్తున్నాయని ఎడ్వర్డ్ మెలన్‌బీ 1946లో చూపించాక దాన్ని వదిలేశారు. మీ తాతల కాలంలో తెలియక వాడింది నేరం కాదు. తెలిశాక కాగితం చింపేయడమే తప్పు.

రాసి భద్రపరచకపోతే ఏం పోతుందో చెప్పడానికి ఒక మిల్లు కొడుకు ఉన్నాడు. ఇంజనీరింగు చదివిన మీ పిల్లల్ని ‘గ్రీన్స్ థియరం’ అనే గణిత సిద్ధాంతం ఏమిటని అడగండి, టక్కున చెబుతారు. ఆ జార్జ్ గ్రీన్ ఇంగ్లండులో నాటింగ్‌హాం పక్కన స్నెయిన్‌టన్‌లో గాలిమర నడిపిన మనిషి. 1793లో పుట్టాడు. రొట్టెలు కాల్చి అమ్మే తండ్రి 1807లో ఆ గాలిమర కట్టించాడు. బడికి వెళ్లింది ఒక ఏడాది పైన కొద్దికాలమే. పిండి విసురుతూనే గణితం నేర్చుకుని, విద్యుత్తు, అయస్కాంతత్వాల మీద తన వ్యాసాన్ని 1828లో సొంతంగా అచ్చు వేయించాడు. మర మేస్త్రీ కూతురు జేన్ స్మిత్‌తో ఆయనకు ఏడుగురు పిల్లలు, పెళ్లి మాత్రం జరగలేదు. 1841లో పోయాడు. అంత పేరున్న మనిషి మొహం ఎలా ఉండేదో ఇవాళ ఎవరికీ తెలియదు, ఒక్క బొమ్మ కూడా దక్కలేదు. గాలిమర పాడుబడి, 1947లో కాలిపోయి, 1980లలో బాగుచేశాక మళ్లీ తిరిగింది. అంటే రాయి మళ్లీ తిరిగింది, మనిషి మొహం మాత్రం రాలేదు. నన్నడిగితే జేన్ స్మిత్ గురించి నాకు ఇంకా ఎక్కువ తెలుసుకోవాలని ఉంది. ఆ మరలో ఆవిడ ఏం పని చేసింది, ఏడుగురిని ఎలా పెంచింది?

చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు, ఆలస్యం చేయకపోవడమే. ఖాతా పుస్తకాల్ని దులిపి తుడిచేయకండి, ముందు ఫొటో తీయండి. మడతల్లోని పిండీ చెమ్మ మచ్చలూ కూడా సాక్ష్యాలే. యంత్రాల మీద కొట్టిన రేకులు ఇనుము కొట్టుకు పోకముందు వాటి మీది అక్షరాలు రాసుకోండి. జల్లెడ గుడ్డ ముక్క ఒకటి దాచండి. ముసలివాళ్లతో మాట్లాడేటప్పుడు ‘మర చరిత్ర చెప్పండి’ అంటే ఏమీ చెప్పరు. ‘పొద్దున మొదట ఏం చేసేవాళ్లు?’ అని అడగండి, గంటసేపు ఆగరు. ఇంట్లో చోటు లేకపోతే భద్రపరచడానికి ముందుకొచ్చే గ్రంథాలయాలూ ఆర్కైవులూ ఉన్నాయి. మరల కాగితాల కోసమే ఇంగ్లండులో 2002 నుంచి మిల్స్ ఆర్కైవ్ అనే సంస్థ పని చేస్తోంది. నెదర్లాండ్స్‌లో గాలిమర, నీటిమర నడిపేవాళ్ల పనితనాన్ని 2017లో యునెస్కో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. అక్కడ చేర్చినది భవనాల్ని కాదు, ఆ పని చేతికి తెలిసిన మనుషుల విద్యను. మన మేస్త్రీల చేతుల్లో ఉన్నదీ ఆ విద్యే.

మిల్లు ఇంకా నడుపుతున్న వాళ్లకు: వారసులు లేరనో, పిల్లలు రారనో దిగులు పడుతుంటే పనివాళ్ల వైపు ఒకసారి చూడండి. అమెరికాలో బాబ్స్ రెడ్ మిల్ అనే పిండి కంపెనీ పెట్టిన బాబ్ మూర్, 2010లో తన 81వ పుట్టినరోజున, కంపెనీ యాజమాన్యాన్ని ఉద్యోగులకు బదిలీ చేసే ఏర్పాటు ప్రకటించాడు. అందరికీ అది సాధ్యం కాకపోవచ్చు. కనీసం చరిత్రలో వాళ్ల వాటా వాళ్లకు రాసివ్వడం అందరికీ సాధ్యమే.

పోయిన నెల మేస్త్రీ మామ కూతురిని వెతికి పట్టుకున్నాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేను ఎవరి మనవరాలినో చెప్పగానే ఆవిడ కొద్దిసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్లి ఒక ఉలి తెచ్చింది, మొన అరిగి సగమైన ఉలి. చేతిలో పెట్టి చూడనిచ్చింది, ఇవ్వలేదు. ఇవ్వమని నేనూ అడగలేదు. ఆయన పూర్తి పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదని, పుస్తకాల్లో అన్నిచోట్లా ‘మేస్త్రీ’ అనే ఉందని చెప్పాను. ఇంటిపేరుతో సహా ఒక్కో అక్షరం చెప్పి, నేను రాసింది సరిగ్గా ఉందో లేదో కాగితం తన వైపు తిప్పుకుని చూసింది. ఒక దీర్ఘం దిద్దించింది.

నేను రాస్తున్న పుస్తకం మొదటి పేజీలో ఆ పేరు ఉంది. దాని కింద నానమ్మ పేరు, తర్వాత తాతయ్యది, ఆ తర్వాత నాన్నది.

ఇట్లు,
మూతబడిన ఒక పిండిమర ఇంటి మనవరాలు